ఆ ఫ్యూయల్ సెల్ ఎన్ని గంటలు నడిచింది?

నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి పీహెచ్‌డీ వైపు చూసే పిల్లలు గైడ్ గురించి ముందుగా అడిగేది ఒక్కటే, సార్‌కు పేపర్లు ఎన్ని ఉన్నాయి అని. ఇంటర్వ్యూ బోర్డుల్లోనూ ఇదే ప్రశ్న. థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ అచ్చయి ఉండాలన్న షరతును యూజీసీ 2022లోనే తీసేసినా, లెక్కపెట్టే అలవాటు మాత్రం పోలేదు. ఫ్యూయల్ సెల్స్ (హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే పరికరాలు), హైడ్రోజన్ లాంటి రంగాల్లో ఈ లెక్క మనల్ని నిజంగా తప్పుదారి పట్టిస్తుంది.

హెచ్-ఇండెక్స్ సంగతే తీసుకోండి. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించాడు. కనీసం 20 సార్లు ఇతరులు ప్రస్తావించిన పేపర్లు 20 ఉంటే ఇండెక్స్ 20. అంతే. ఆ పేపర్లలో ప్రయోగం ఎవరు చేశారు, పది పేర్ల మధ్య ఈయన పేరు ఎందుకుంది, అందులో ఇతరుల పనిని సమీక్షించినవి ఎన్ని, ఇవేవీ ఆ అంకె చెప్పదు. చెలక ఎన్ని ఎకరాలుందో చెప్పి పంట ఎంత వచ్చిందో చెప్పనట్టే.

ఫ్యూయల్ సెల్ సూత్రం కొత్తదేమీ కాదు, విలియం గ్రోవ్ 1839 నాటికే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసి చూపించాడు. ఇన్నేళ్లయినా అది ఇంటింటికీ రాకపోవడానికి పెద్ద కారణాలు ఖర్చు, మన్నిక. సెల్ లోపల రసాయన చర్యను వేగంగా నడిపించే పదార్థం, అంటే కెటలిస్టు, ప్లాటినం. అది ఖరీదు కాబట్టి దాన్ని తగ్గించే కొత్త కెటలిస్టుల మీదే బోలెడన్ని పేపర్లు వస్తుంటాయి. వాటిలో చాలావరకు కెటలిస్టును చిన్న ఎలక్ట్రోడ్ మీద పూసి, యాసిడ్ ద్రావణంలో ముంచి తిప్పుతూ కొలిచినవే. అక్కడ అంకెలు బ్రహ్మాండంగా వస్తాయి. అదే పదార్థాన్ని అసలు సెల్‌లో పెడితే గాలి లోపలి దాకా చేరాలి, పుట్టిన నీళ్లు బయటికి పోవాలి, సెల్ మధ్యలో ఉండే పల్చటి పొర, అంటే మెంబ్రేన్, తడి ఆరిపోకూడదు, అప్పుడు చాలా కెటలిస్టులు చతికిలపడతాయి. అందుకే ఒకరి ప్రచురణల జాబితా చేతికొస్తే నేను ముందు చూసేది, ముంచి కొలిచే దశ నుంచి సింగిల్ సెల్‌కు, అక్కడి నుంచి చాలా సెల్స్ కలిపి పేర్చిన స్టాక్‌కు వీళ్ల పని ఎదిగిందా, లేక పదేళ్లుగా పదార్థం పేరు మారుతూ అదే పేపర్ వస్తోందా అన్నది. ఆ తర్వాత గంటలు. అమెరికా ఇంధన శాఖ కార్ల ఫ్యూయల్ సెల్‌కు పెట్టుకున్న లక్ష్యం 8,000 గంటలు, దూరప్రయాణాల లారీలకైతే 2030 నాటికి 25,000. కొన్ని పదుల గంటలు నడిపి మన్నిక అద్భుతం అని రాసే పేపర్లకు మాత్రం కొదవ లేదు.

ఇక్కడే మన ప్రాంతం వాళ్లకు ఒక దారి కనిపిస్తోంది. కార్లలో వాడే రకం సెల్‌లో మెంబ్రేన్ ఫ్లోరిన్ ఉన్న పాలిమర్. సెల్ నడుస్తున్నకొద్దీ లోపల పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, దాన్నుంచి వచ్చే రాడికల్స్ అనే చురుకైన కణాలు ఆ పాలిమర్‌ను కొరికేస్తాయి, అందులోంచి ఊడిన ఫ్లోరైడ్ బయటికొచ్చే నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిస్తే మెంబ్రేన్ ఎంత అరిగిందో తెలుస్తుంది. ఫ్లోరైడ్! మర్రిగూడ, మునుగోడు బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని చూసే అదే ఎలక్ట్రోడ్ దీనికీ పనికొస్తుంది. ఈ కొలత విలువ నల్గొండ పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఖరీదైన మైక్రోస్కోపు లేకపోయినా, ఒక చిన్న సెల్‌ను వేల గంటలు నడుపుతూ ఓపికగా ఈ కొలతలు రాసిపెట్టే ల్యాబ్ ఏడాదికి ఒక్క పేపరే వేసినా నా దృష్టిలో అది గట్టి రికార్డు.

పట్టుబట్టి కూర్చోవాల్సిన ఇంకో సమస్య మన ఎండ. సెల్ 80 డిగ్రీల దగ్గర నడుస్తుందనుకోండి, బయట 20 ఉంటే వేడిని వదిలించుకోవడానికి 60 డిగ్రీల తేడా దొరుకుతుంది, మే నెలలో పాలమూరు రోడ్డు మీద 44 ఉంటే దొరికేది 36 మాత్రమే. రేడియేటర్ పెద్దది కావాలి, పైగా పొడి గాలికి మెంబ్రేన్ ఆరిపోతుంది. చలి దేశాల్లో కూర్చున్నవాళ్లకు ఇది తొందర పెట్టే సమస్య కాదు, మనకు మాత్రం ఇదే అసలు సమస్య.

ఎవరు ప్రస్తావించారన్నది కూడా ముఖ్యమే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు తయారు చేశారు. దాన్ని ఆఫ్రికాలో కూడా చేసి చూశారు, నీళ్లలో అల్యూమినియం మిగిలిపోవడం, బురద పేరుకుపోవడం లాంటి లోపాలనూ రాశారు. ఇంకొకరు చేతులు పెట్టి చేసి చూసి, తప్పులు కూడా పట్టిన అలాంటి ప్రస్తావన ఒక్కటి, ఉపోద్ఘాతంలో వరసగా పేర్చిన యాభై ప్రస్తావనలకంటే విలువైనది.

పేపర్లు చదవడానికి డబ్బుల్లేవనే సాకు కూడా ఇప్పుడు తగ్గింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద 2025 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీలకు దాదాపు 13,000 జర్నల్స్ అందుతున్నాయి. కాబట్టి గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన పేపర్లు మూడు తెరవండి, పాతది ఒకటి, మధ్యలోది ఒకటి, కొత్తది ఒకటి. సెల్ ఎన్ని గంటలు నడిచింది, ఎంత ప్లాటినం వాడారు, ఎక్కడ ఆగిపోయింది, ఈ మూడూ వెతకండి. దొరక్కపోతే వెళ్లి ఆయన్నే అడగండి.