నీలం పువ్వయితే చాలు, విష్ణుక్రాంతేనా?

చవితి వస్తోందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల నిండా నీలం పూల ఫొటోలే. కింద ‘విష్ణుక్రాంత’ అని ఒకరు, ‘శంఖపుష్పి’ అని ఇంకొకరు, ‘రెండూ ఒకటేనండీ’ అని మూడో ఆయన. ఒకటి కావండీ బాబూ!

గోడల మీదికి పాకే శంఖుపుష్పం చిక్కుడు కుటుంబానిది. ఒక్కో కాడకు ఐదో ఏడో చిట్టి ఆకులుంటాయి. నిఘంటువుల్లో దానికీ విష్ణుక్రాంత అన్న పేరుంది కాబట్టి పత్రి అమ్మే అవ్వను తప్పుపట్టలేం. కానీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ‘బ్లూ డేజ్’ని, కొమ్మల చివర రెండు సెంటీమీటర్ల పూలు పూసే కుండీ మొక్కని, విష్ణుక్రాంత అని అంటగడితే మాత్రం ఒళ్లు మండుతుంది.

అసలు విష్ణుక్రాంత శాస్త్రీయ నామం ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్. హైదరాబాద్ చుట్టుపక్కల మొరం నేలల్లో, చెలకల్లో, బండల సందుల్లో గడ్డితో కలిసి పాకుతుంది. పువ్వు చొక్కా గుండీ కన్నా చిన్నది, 7–10 మిల్లీమీటర్లు. రేకులు అతుక్కుపోయి పళ్లెంలా పరుచుకుని, దారమంత సన్నటి పొడవాటి కాడ మీద నిలబడుతుంది. ఆకుని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే పట్టులాంటి నూగు మెరుస్తుంది. తీగ దేన్నీ చుట్టుకోదు, ఇవాల్వులస్ అన్న పేరుకి అర్థమే అది. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ అంతటివాడే 1753లో దీన్ని చుట్టుకునే తీగలుండే కన్వాల్వులస్ ప్రజాతిలో చేర్చి, 1762లో ఇవాల్వులస్‌లోకి మార్చుకున్నాడు.

తేల్చాల్సింది పువ్వు లోపల. పదింతలు చూపే లెన్సు పెట్టండి: పువ్వు నడుమ ఆడభాగంలో సన్నటి కాడల్లాంటి రెండు కీలాలు, ఒక్కోటీ మళ్లీ రెండుగా చీలి, మొత్తం నాలుగు దారప్పోగులు. ఆయుర్వేదంలో శంఖపుష్పిగా వాడే కన్వాల్వులస్‌కి కీలం ఒక్కటే, కొసన మాత్రం రెండు పాయలు. అలాగని పోగులు లెక్కపెట్టి ఊరుకుంటే బోల్తా పడతారు. లాన్లలో కణుపు కణుపుకీ వేళ్లు దించే, గుండ్రటి ఆకుల, తెల్లపూల అమెరికా కలుపుకీ నాలుగు పోగులే మరి.

గుర్తుపట్టమని ఎవరికైనా ఫొటో పంపితే పువ్వుని ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి, ఆకు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి తీయండి. ఫోకస్ వెనక గడ్డి మీదికి పోతుంది, పువ్వు వెనక అరచెయ్యి అడ్డం పెట్టండి. పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి, సాయంత్రం వెళ్లి లేవనకండి.

పత్రికి కావాలంటే నేలకు రెండు వేళ్లు పైన కత్తెరతో కొయ్యండి. ఎండలకు పైభాగం మాడినా కింద చేవదేరిన వేరు బతికే ఉండి తొలకరికి చిగురిస్తుంది. వేరుతో పెరికారో, వచ్చే చవితికి అక్కడ మొక్కుండదు.