ఊరూ పేరూ లేని సంచులు

ఇక్కడ అమెరికాలో మన ఇళ్లల్లో గృహప్రవేశమైనా, ఓణీల ఫంక్షనైనా రిటర్న్ గిఫ్టుల కోసం ముందు ఫోను వెళ్లేది విజయవాడకే. అక్కణ్నుంచి కలంకారీ పొట్లీలు, మంగళగిరి గుడ్డతో కుట్టిన బ్యాగులు, చిలకలపూడి గాజులు వందల లెక్కన అట్టపెట్టెల్లో సర్దుకుని ఇక్కడికొస్తాయి. ఒక్కదాని మీదా ఊరి పేరుండదు. ఎవరు నేశారో, ఎవరు అద్దారో ఉండదు. ప్లాస్టిక్ కవరు, దానికో పిన్ను, అంతే. పుచ్చుకున్నవాళ్లు "బాగుందండీ" అంటారు. నెల తిరక్కుండా అది అల్మరాలో అడుక్కి చేరుతుంది. పనితనం తక్కువై ఇలా జరగడం లేదు. చేసిన పనిని కంటికి కనబడేలా చూపించడానికి మనం ఒక్క రూపాయి పెట్టడం లేదు. కథ చెప్పడానికీ, ఫొటోకీ, పెట్టెకీ, అక్షరానికీ పెట్టే డబ్బు దండగ కాదని, బట్టకీ కూలికీ పెట్టినట్టే దీనికీ పెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డాలస్‌లో ఉన్న మనవాళ్లకి రిచర్డ్‌సన్ కొత్త ఊరేం కాదు. ఫాసిల్ వాచీల కంపెనీ పెరిగింది అక్కడే. 1984లో టామ్ కార్ట్‌సోటిస్ మొదలుపెట్టినప్పుడు హాంకాంగ్ నుంచి వాచీలు తెప్పించి అమ్మడమే ఆ వ్యాపారం. లోపలున్నది నలుగురి వాచీల్లోనూ ఉండే క్వార్ట్జ్ యంత్రమే. వాళ్లు మార్చింది పైరూపాన్ని. 1950ల నాటి అమెరికా పత్రికల్లో ప్రకటనలు ఎలా ఉండేవో ఆ రంగులూ ఆ అక్షరాలూ తీసుకున్నారు. బొమ్మలేసిన రేకు డబ్బాలో పెట్టి వాచీ చేతికిచ్చారు. బొమ్మలు మారుస్తూ పోయారు. చివరికి ఆ డబ్బాలనే ఏరి దాచుకునేవాళ్లు తయారయ్యారు.

ఆ వాచీకీ ఆ పాత అమెరికాకీ చుట్టరికం లేదు. తెచ్చి తొడిగారు, జనానికి నచ్చింది. అది తప్పని నేననను. మన పెడన గుడ్డకి మాత్రం ఎక్కణ్నుంచో కథ అరువు తేవలసిన పనే లేదు.

పెడన బందరు పక్కన ఊరు, కలంకారీ అద్దకం చేసే ఊరు. అక్కడ గుడ్డని ముందు కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లే నల్లరంగు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడ్డాకే అది నల్లగా తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. తర్వాత పారే నీళ్లలో జాడించి, రంగునిచ్చే వేళ్లూ చెక్కలూ వేసి కాస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒక్కో రంగుకి ఒక్కో టేకు అచ్చు. ఫ్రాన్సులో ఎర్మెస్ కంపెనీ 1937 నుంచి పట్టు స్కార్ఫులు తీసుకొస్తోంది. 90 సెంటీమీటర్ల చదరం గుడ్డ. అక్కడా ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్, అంటే రంగు దిగే జాలీ చట్రం. అయితే వాళ్లు ప్రతి డిజైనుకీ ఒక పేరు పెడతారు, ఆ బొమ్మ వేసిన కళాకారుడెవరో చెబుతారు. కొన్నవాళ్లు ఆ పేరుతోనే దాన్ని తలుచుకుంటారు. మన దగ్గర ఆ అచ్చు చెక్కిన మనిషి పేరు దుకాణదారుకే తెలియదు.

ఎండాకాలంలో బెజవాడ చూడండి. బ్లేజ్‌వాడ అని పేరు పడ్డ ఊరది. బెంజి సర్కిల్ దగ్గర బండ్లు ఆగితే, స్కూటీల మీద ఆడపిల్లలు ముఖమంతా చున్నీ చుట్టుకుని కళ్లు మాత్రం కనబడేలా కూర్చుని ఉంటారు. ఆ ఊళ్లో రోజూ వాడే ఫ్యాషన్ వస్తువంటే అదీ. పెడన నూలు స్కార్ఫుకి ఫొటో తీయాలంటే అక్కడ తీయాలి, మిట్టమధ్యాహ్నం తీయాలి. లేదా నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కే కాలేజీ అమ్మాయి భుజాన మంగళగిరి బ్యాగు వేసి తీయాలి. మన వ్యాపారులు చేసేది వేరు. వెనక గోపురం, ముందు దీపం, పక్కన పట్టుచీర కట్టుకున్న మోడలు. అగరబత్తి పెట్టె మీదా అదే బొమ్మ, పసుపు ప్యాకెట్టు మీదా అదే బొమ్మ. రోజూ వాడుకునే సంచిని పండగ సామాను చేసి చూపిస్తే, కొన్నవాళ్లు పండక్కే బయటికి తీస్తారు.

పెట్టె రంగులకి ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. కరక్కాయ పసుపు, ఇనప నలుపు, పటిక ఎరుపు. ఆ మూడు చాలు. అక్షరాలు తెలుగులో ఉండాలి, పెద్దగా ఉండాలి. సినిమా పంపిణీ ఆఫీసులతో గాంధీనగరూ, పుస్తకాల షాపులతో ఏలూరు రోడ్డూ వెలిగిన ఊరు మనది. అక్షరాన్ని అందంగా రాయగల చేయి ఆ ఊళ్లో దొరక్కపోదు. ఫ్లెక్సీలొచ్చాక బోర్డులు రాసేవాళ్లకి పని పోయింది. వాళ్లలో ఒకరి చేత పేరు రాయించి అదే అచ్చు వేయించుకుంటే, కంప్యూటరులో ఏ ఫాంటూ దానికి సాటి రాదు.

మంగళగిరి విషయానికి ఎక్కువ చెప్పను. సాదా గుడ్డ, నిజాం అని పిలిచే జరీ అంచు. దాని అందమంతా ఏమీ లేకపోవడంలోనే ఉంది. దాని మీద అద్దాలూ పూసలూ కుట్టేసి బ్యాగు చేయడం నాకు బాధగా ఉంటుంది.

చిలకలపూడిది ఇంకో సంగతి. రోల్డుగోల్డు నగని "అచ్చం బంగారంలా ఉంటుందండీ" అని అమ్మడం అలవాటైపోయింది. అందుకే పెట్టుకున్నవాళ్లు కూడా ఎక్కడ కొన్నారో చెప్పడానికి మొహమాటపడతారు. అసలు బంగారం బ్యాంకు లాకర్లో పెట్టి, ఇక్కడి ఉగాది సభలకి ఇవే పెట్టుకొస్తున్నాం కదా. మరి "ఇది చిలకలపూడి నగ" అని పెట్టె మీద నిబ్బరంగా రాసుకుంటే తప్పేమిటి? ఒక ఊరు ఊరంతా నేర్చిన విద్య అది. బంగారం చాటున దాక్కోవలసిన అవసరం దానికి లేదు.

కథ పేరుతో జరిగే రెండు తప్పులకి నేను ఒప్పుకోను. మొదటిది జాలి కథ. ముడతలు పడ్డ చేతులు నలుపు తెలుపులో ఫొటో తీసి, "కనుమరుగవుతున్న కళని కాపాడండి" అని రాయడం. జాలితో మనిషి ఒక్కసారి కొంటాడు. నచ్చితే మళ్లీ మళ్లీ కొంటాడు. నేతగాడు మన దయ కోసం ఎదురుచూసే మనిషి కాడు, విద్య తెలిసినవాడు. అలాగే చూపించాలి. రెండోది అబద్ధం. స్క్రీన్ ప్రింటు గుడ్డని చేతి అద్దకమని చెప్పి అమ్మేవాళ్లున్నారు. పెట్టె ఎంత బాగుంటే ఆ అబద్ధం అంత బాగా చెల్లుతుంది. కాబట్టి ఆర్ట్ డైరెక్షన్ చేసేవాళ్లు, అంటే ఫొటో, పెట్టె, అక్షరం ఎలా ఉండాలో చూసుకునేవాళ్లు, నిజాన్నే దగ్గరగా చూపించాలి. చేతి అద్దకంలో ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు పడే చోట గీత కొంచెం అటో ఇటో జరుగుతుంది. ఆ చోటునే పెద్దగా ఫొటో తీసి చీటీ మీద వేయండి. మిషను గుడ్డ వాళ్లు ఆ ఫొటో చూపించడానికి జంకుతారు.

దీనివల్ల ధర పెరుగుతుందా? పెరుగుతుంది. పెరిగింది మధ్యవాళ్ల జేబులోకే పోతుందన్న భయం న్యాయమైనదే. అందుకే అద్దినవారి పేరుతో పాటు వారికి ముట్టిన కూలి కూడా ఆ చీటీ మీద ఉండాలంటాను. పేరూ ఫొటో వేసేముందు వాళ్లని అడగాలి. ఒద్దంటే మానెయ్యాలి.

ఇక్కడి మన తెలుగువాళ్ల వచ్చే మహాసభలకి సంచులు ఆర్డరిచ్చే కమిటీ వారికి నా విన్నపం. ఈసారి సరుకుతో పాటు ఒక ఫొటోగ్రాఫరుకీ, బొమ్మలు వేసే ఒక కుర్రవాడికో అమ్మాయికో కూడా పనివ్వండి. వాళ్లు విజయవాడ, గుంటూరు వాళ్లే అయ్యుండాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, పిల్లల్ని అక్కడా వెతకొచ్చు. వాళ్లని పెడన పంపి రెండు రోజులుండమనండి. సంచి లోపల కుట్టే చీటీ మీద ఊరు, అద్దినవారి పేరు, అచ్చు చెక్కినవారి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేయించండి. సంచి మీద దాతల లోగోలు ఈసారికి వద్దు, వాటికి సావనీరులో చోటుంది. ఈ ఖర్చుని బడ్జెట్‌లో వేరే పద్దుగా రాయండి, సభ్యులు అడిగితే జవాబు చెప్పడానికి నేనూ మీ పక్కన నిలబడతాను.