తద్దినానికి సెలవు లేదు

మా మేనల్లుడికి వాట్సాప్‌లో సంజాయిషీ నోటీసు వచ్చింది. "బ్రో, నిన్న మధ్యాహ్నం స్క్రిమ్స్ మధ్యలో లేచిపోయావ్. రీజన్ చెప్పకపోతే కిక్." పంపినవాడు వాడు ఫోన్లో ఆడే బీజీఎంఐ అనే తుపాకులాటలో వాడి క్లాన్‌కి, అంటే జట్టుకి, లీడర్. స్క్రిమ్స్ అంటే ప్రాక్టీసు మ్యాచులు, కిక్ అంటే జట్టులోంచి గెంటేయడం. కాలేజీలో హాజరు చాలక కండోనేషన్ కట్టి పరీక్ష రాసే ఈ మహానుభావుడికి క్లాన్‌లో మాత్రం నూటికి నూరు హాజరు కావాలి.

కారణం ఏమిటంటే, నిన్న వాళ్ల తాతయ్య తద్దినం.

భోక్తలు విస్తళ్ల ముందున్నారు. కాకికి పిండం పెట్టి రమ్మని మావాణ్ణి మేడ మీదకి పంపారు. వాళ్లింట్లో కాకి ముట్టనిదే ఎవరూ మెతుకు ముట్టరు. మావాడు విస్తరాకు పిట్టగోడ మీద పెట్టి, ఫోన్ తీశాడు. అక్కడ ఆటలోని పోచింకి అనే ఊళ్లో నలుగురూ ఒకే ఇంట్లో ఇరుక్కుపోయి ఉన్నారు, ప్రాణం తీసే జోన్ ముంచుకొస్తోంది. పైనుంచి వీడి అరుపులకి కాకి దరిదాపుల్లో వాలడం లేదు. కింద పెద్దలు దిగాలు పడ్డారు. పెద్దాయనకి ఏం తీరని కోరిక మిగిలిందో! "పొలం అమ్మినందుకు కోపమేమో" అంది మేనత్త. మా బావ పటం ముందు నిలబడి, ఆ పైకంతోనే పిల్లాణ్ణి ఇంజనీరింగులో చేర్చానని తండ్రికి లెక్క అప్పజెప్పాడు. సరిగ్గా అప్పుడే మేడ మీంచి పొలికేక: "రివైవ్! ఒరేయ్, రివైవ్ చెయ్యండ్రా!"

"రివైవ్ అంటే ఏంటమ్మా?" అంది నాయనమ్మ.

"బతికించమని అండి," అంది మా అక్క.

"ఎవర్ని, మీ మామయ్యనా?" అని ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

చివరికి మా అక్క మెట్లెక్కి ఫోన్ లాక్కుంది. అర నిమిషంలో కాకి వచ్చింది. నోటీసులో చెప్పిన నేరం ఇదే.

ఈ క్లాన్లలో చేరడం ఏమంత తేలిక కాదు. "కేడీ ఎంత?" అని మొదటి ప్రశ్న. మా రోజుల్లో కేడీ అంటే పోలీస్‌స్టేషన్ గోడ మీది ఫొటో. ఇప్పుడది అర్హత, ఆటలో ఒకసారి చచ్చేలోపు సగటున ఎంతమందిని చంపావనే లెక్క. 3 దాటితేనే లోపలికి రానిస్తారు. ఇక ఆట ఆయుష్షు సంగతి: పబ్‌జీ పేరుతో ఉండగా సర్కారు నిషేధంతో 2020 సెప్టెంబరులో పోయింది, 2021 జులైలో బీజీఎంఐగా పుట్టింది. 2022 జులైలో మళ్లీ పోయింది, 2023 మేలో లేచింది. రెండుసార్లూ పది నెలలే, సంవత్సరీకం పెట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు. పసి మనసులు చెదరకూడదని కొత్త జన్మలో రక్తం ఆకుపచ్చ చేశారు, 'కిల్' అనే మాట తీసి 'ఫినిష్' పెట్టారు. పద్దెనిమిది నిండనివాళ్లకి రోజుకి 3 గంటలే అన్నారు. ఆ 3 గంటలు ఎవరి ఫోన్లోనో, ఏ నంబరుతోనో ప్రతి ఇంట్లోనూ తెలుసు.

రక్తం రంగు మారింది గానీ నోళ్లు మారలేదు. మా మేనకోడలు వీడికన్నా బాగా ఆడుతుంది. ఆర్నెల్ల క్రితం సొంత పేరుతో ఇదే క్లాన్‌లో చేరి, మైక్ ఆన్ చేసి, "లెఫ్ట్‌లో ఇద్దరున్నారు" అంది. అంతే. "ఇన్‌స్టా ఐడీ చెప్పు" అని ఒకడు. "పోయి అంట్లు తోముకో" అని ఇంకొకడు. తను జవాబివ్వకపోయేసరికి మూడోవాడు తల్లి దాకా వెళ్లాడు. ఆ మాటలు నేను రాయను. వాడి అమ్మ అదే ఇంట్లో, పక్క గదిలో, వాడికి అన్నం కలుపుతూ ఉండి ఉంటుంది. సిగ్గు లేదురా మీకు? గొంతు విని ఆడపిల్ల అని తెలియగానే ఎదురుగా ఉన్న శత్రువుని వదిలేసి సొంత స్క్వాడ్ మనిషి మీద పడేవాళ్లు మీరు, మీకో టీము, దానికో లీడరు! ఆ లీడర్ దాకా ఫిర్యాదు వెళ్తే, "ఫన్‌కి అన్నార్లే సిస్టర్, లైట్ తీస్కో" అన్నాడు. ఎవడికీ నోటీసు లేదు. ఎవడికీ కిక్ లేదు. తాతకి పిండం పెట్టడానికి పోయినవాడికి మాత్రం గడువుతో సహా ఉంది.

చివరికి తీర్పు వచ్చింది. మావాడికి రెండు రూమ్ కార్డులు, అంటే ఆటలో సొంతంగా మ్యాచ్ పెట్టుకునే టికెట్లు, జరిమానా. వచ్చే ఏడాది తద్దినం తేదీ ముందే చెప్పాలట. తిథిని బట్టి తేదీ ఏటా మారుతుందని వీడు చెప్తే, "క్యాలెండర్ స్క్రీన్‌షాట్ పెట్టు బ్రో" అన్నాడు.

దాంతోపాటే ఈ నెల ఉత్తమ ఆటగాడి ప్రకటన. రాజు అనే ఐడీకి ఇచ్చారు. అత్యధిక ఫినిష్‌లు, ఒక్కరోజు నాగా లేదు. "రాజు అన్నని చూసి నేర్చుకోండి, మైక్ ఆన్ చెయ్యడు, సైలెంట్‌గా పని పూర్తి చేస్తాడు" అని లీడర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు.

రాజు అన్న మా మేనకోడలు.