'ఎవరికైనా' అంటే 'అందరికీ' కాదు

లోకంలో న్యాయం నశించిన తేదీ నాకు కచ్చితంగా గుర్తుంది. 2021 డిసెంబర్ 12, ఆదివారం. ఆ ఏటి ఫార్ములా వన్ చివరి రేసు అబుదాబీలో. లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ చెరి 369.5 పాయింట్లతో బరిలోకి దిగారు. మొత్తం 58 ల్యాపులు, అంటే చుట్లు. హామిల్టన్ గెలుపు ఖాయమనుకుంటుండగా 53వ ల్యాపులో నికొలస్ లతీఫీ కారు గోడను గుద్దుకుంది, ప్రమాదమప్పుడు కార్లన్నిటినీ తన వెనక నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు బయటికొచ్చింది, వెర్‌స్టాపెన్ కొత్త టైర్లు వేయించుకున్నాడు. ఇద్దరి మధ్య ఒక ల్యాపు వెనుకబడిన కార్లు ఐదు ఉన్నాయి. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ సరిగ్గా ఆ ఐదింటినే ముందుకు పంపేసి, మిగిలిన ఒక్క ల్యాపుకు రేసును మళ్లీ వదిలారు. ఆ ఒక్క ల్యాపులో ప్రపంచ ఛాంపియన్ మారిపోయాడు.

ఆ ఐదింటినే పంపడం తప్పని హామిల్టన్ టీము మెర్సిడెస్ మొర పెట్టుకుంది. వెనుకబడిన కార్లు 'ఏవైనా' ముందుకు వెళ్లవచ్చని నిబంధన. 'ఏవైనా' అంటే 'అన్నీ' అని అర్థం కాదని వెర్‌స్టాపెన్ టీము రెడ్‌బుల్ వాదన. రేసు న్యాయనిర్ణేతలైన స్టీవార్డులు మొరను కొట్టేశారు. వ్యాకరణంతో ఛాంపియన్‌షిప్ గెలవవచ్చని బడిలో మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ తరగతుల్లో మెలకువగా ఉండేవాణ్ని.

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. అసలు క్రీడలో దొరకని ధర్మాన్ని అభిమానులమే స్థాపించాలి. అలా ఎనిమిది మందితో మా ఫాంటసీ లీగు ఏర్పడింది. అధ్యక్షుడిగా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆ సంగతి మిగతా ఏడుగురికి మర్నాడు తెలియజేశాను.

ఫాంటసీ లీగంటే తెలియనివారు ఇంకా ప్రశాంతంగా బతుకుతున్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. చేతికి 10 కోట్ల ఉత్తుత్తి డాలర్లు ఇస్తారు. వాటితో ఐదుగురు డ్రైవర్లను, రెండు టీములను కొనుక్కోవాలి. నిజం రేసులో వాళ్లు సాధించినదాన్నిబట్టి మనకు పాయింట్లు. ఒక్క డాలరు మించినా కంప్యూటర్ ఒప్పుకోదు. అసలు టీములకూ 2021 నుంచి ఖర్చుపై పరిమితి ఉంది. మొదటి ఏడాదే దాన్ని దాటినందుకు రెడ్‌బుల్ 70 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఆర్థిక క్రమశిక్షణలో ఎవరు మిన్నో పాఠకులే తేల్చుకోవాలి.

ఇక భక్తి విషయం. మా కార్యదర్శి పుట్టుకతోనే హామిల్టన్ అభిమాని. అయితే అభిమానానికి ధర ఉంటుందని లీగులో చేరాకే అతనికి తెలిసింది. డబ్బు చాలక దేవుణ్ని అమ్మేసి ఇద్దరు చవక డ్రైవర్లను కొన్నాడు. తర్వాతి ఆదివారం హామిల్టన్ కారు నెమ్మదిస్తే ఆ మొహం వెలిగిపోవడం నేను కళ్లారా చూశాను. అడిగితే, "గుండెలో ఆయనే ఉన్నాడు, టీములో లేడంతే" అన్నాడు.

రేసులు చూడటం క్రమంగా తగ్గింది. తీరిక ఎక్కడిది? నిబంధనలు రాయాలి. మొదటి సమావేశం అర పాయింటు గురించే. పైన చెప్పిన 369.5లోని ఆ సగం ఎక్కడిదనుకున్నారు? అదే ఏడాది ఆగస్టులో బెల్జియంలోని స్పాలో కుండపోత వానకు కార్లు సేఫ్టీ కారు వెనక ఊరేగి వచ్చేశాయి. ఒక్కరూ ఒక్కరిని దాటలేదు. దానికీ సగం పాయింట్లు పంచారు, గెలిచిన వెర్‌స్టాపెన్‌కు పన్నెండున్నర. మా లీగులో అలాంటి రోజు వస్తే సగాన్ని పైకి సవరించాలా, కిందికా? మూడు వారాలు చర్చించి ఉపసంఘానికి అప్పగించాం. ఉపసంఘం ఇంకా చర్చిస్తోంది.

2024లో మళ్లీ స్పాయే మమ్మల్ని పరీక్షించింది. జార్జ్ రసెల్ ఒక్కసారే టైర్లు మార్చి, అరిగిన టైర్లతోనే అద్భుతంగా గెలిచాడు. అతన్ని ఎంచుకుని పాయింట్లు రెట్టింపు చేసుకున్న మా సభ్యుడొకరు విజయోత్సవం మొదలుపెట్టాడు. ఈలోగా కారును తూకం వేశారు. అప్పటి నిబంధన ప్రకారం కనీసం 798 కిలోలు ఉండాలి. కిలోన్నర తగ్గింది. రసెల్‌ను తీసేసి గెలుపు హామిల్టన్‌కిచ్చారు. మా సభ్యుడు నాలుగు పేజీల అప్పీలు పంపాడు. తన డ్రైవర్ నడపడంలో లోపం లేదనీ, కారు బరువుకు తాను బాధ్యుడు కాడనీ, పైగా తాను కొన్నది మనిషినే గానీ కారును కాదనీ. ఆ చివరి వాదనలో పస ఉందని నాకూ అనిపించింది. అయినా కొట్టేశాను. నిబంధన నిబంధనే.

ఇప్పుడు అసలు సంగతి. గడచిన సీజన్ చివరి రేసు ముందు కోశాధికారికన్నా నేను 11 పాయింట్లు వెనకబడి ఉన్నాను. టీములో మార్పులకు గడువు క్వాలిఫయింగ్, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే పోటీ, మొదలయ్యే క్షణం. ఆ గడువును ముగ్గురు సభ్యులు తప్పారు. అందులో నేనొకణ్ని. నా కారణం సహేతుకమైనది: గడువు మరిచిపోవద్దని సభ్యులకు సుదీర్ఘమైన సందేశం రాస్తూ ఉండిపోయాను.

మా రాజ్యాంగం 23వ నిబంధన ఇలా ఉంది: 'గడువు తప్పినవారు ఎవరికైనా అధ్యక్షుడు మార్పులకు అనుమతి ఇవ్వవచ్చు.' మొదటి ఏడాది కరుణతో నేనే రాశాను. దాని ప్రకారం నాకు అనుమతి ఇచ్చాను. మిగతా ఇద్దరూ తమ మాటేమిటని అడిగారు. 'ఎవరికైనా' అంటే 'అందరికీ' అని అర్థం కాదని వివరించాను. ఎనిమిది పాయింట్ల తేడాతో కప్పు గెలిచాను.

కోశాధికారి 2021లో నేను మాసీ గురించి రాసిన పదకొండు పేజీలను పైకి తీశాడు. 'నిరంకుశుడు' అన్న మాట కింద ఎర్ర గీత గీశాడు. ఇది వ్యక్తిగత దూషణ కాబట్టి పట్టించుకోలేదు. అయినా పారదర్శకత కోసం విచారణ సంఘం వేశాను. దానికీ అధ్యక్షుణ్ని నేనే. మార్గదర్శకం వెతుక్కోవలసిన అవసరం కూడా రాలేదు. అబుదాబీపై ఫార్ములా వన్ నిబంధనలు రాసే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య 2022లో ఇచ్చిన నివేదిక సిద్ధంగా ఉంది: మానవ తప్పిదం జరిగింది, ఉద్దేశం మంచిదే, ఫలితం మారదు. మా నివేదికలోనూ ఈ మూడే ఉన్నాయి, అదే వరుసలో.

అబుదాబీ రేసు తర్వాత సమాఖ్య నిబంధనలో 'ఏవైనా'ను 'అన్నీ'గా మార్చింది. మేమూ 23వ నిబంధనలో 'ఎవరికైనా' తీసేసి 'అందరికీ' అని పెట్టాం. సవరణ వచ్చే సీజన్ నుంచి అమల్లోకి వస్తుంది. కప్పు మీద నా పేరు చెక్కడం నిన్ననే పూర్తయింది.