మా తమ్ముడు కుళ్లాయప్ప

నాకు తమ్ముడు లేడు. తోడబుట్టింది ఒక్క అక్క, ఆమె కదిరిలో ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే అనంతపురంలో నా తమ్ముణ్ణి కళ్లారా చూశామని ఒట్టేసి చెప్పేవాళ్లు ఇప్పుడు మా వీధిలోనే పది మంది దాకా ఉన్నారు.

దీనికంతటికీ మూలం ఒక కథ. ఉద్యోగం నుంచి దిగిపోయాక పొద్దు పోక, ఒక పోటీకి పంపుదామని కథ మొదలుపెట్టాను. అందులో మారునాడు అనే దేశాన్ని కల్పించాను. అక్కడివాళ్లకు పరువే ప్రాణం. కానీ బతకాలంటే పరువు తక్కువ పనులు అప్పుడప్పుడు చేయక తప్పదు కదా! అప్పు అడగాలి, వాయిదా కోరాలి, అలిగిన అల్లుణ్ణి బతిమాలాలి. అందుకని అక్కడ ప్రతి ఊరి బయటా వేపచెట్టుకు ఒక మేకు కొట్టి ఎర్ర తువ్వాలు తగిలించి ఉంచుతారు. అటువంటి పని మీద పోయేవాడు ఆ తువ్వాలు తలకు చుట్టుకుంటాడు. ఇక పొద్దు గుంకేదాకా అతను రెడ్డీ కాదు, శెట్టీ కాదు, మారప్ప. తిన్న తిట్లూ పెట్టిన దండాలూ అన్నీ మారప్ప ఖాతాలో పడతాయి. తువ్వాలు తీసి మేకుకు తగిలిస్తే మళ్లీ పెద్దమనిషే. దీనికంతా ఒకటే కట్టుబాటు. తువ్వాలు చుట్టుకున్నవాణ్ణి చూసి "నువ్వు ఫలానావాడివి కదూ" అని ఎవరైనా అన్నారా, పోయేది అన్నవాడి పరువు.

మా ఆవిడకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"అంతా బాగానే ఉంది. ఊరి మగవాళ్లందరూ చుట్టుకునే ఆ తువ్వాలు ఉతికేదెవరు?"

నా దగ్గర జవాబు లేదు.

"ఎవరో ఒక ఆడమనిషే అయి ఉంటుంది. ఆమె గురించి ఒక్క ముక్క రాయలేదు" అని, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కల్పన అని నేను మురిసిపోయాను గానీ, మన సీమకు ఇది కొత్త కాదు. తిరుపతి గంగజాతరలో రోజుకొక వేషం కడతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వరుస. వేషం కట్టినవాడు ఎదురుపడ్డవాణ్ణి నోటికొచ్చిన బూతు తిట్టవచ్చు, తిట్టించుకున్నవాడికి కోపం రాకూడదు. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, ఆ తల్లి రోజుకొక వేషంలో వెదికిందట. దొర వేషంలో వచ్చిన రోజున, దొరగారికి దండం పెట్టుకుందామని పాలెగాడు బయటికి వచ్చి తల పోగొట్టుకున్నాడు. అంత దుర్మార్గుడికీ పెద్దవాళ్ల పట్ల మర్యాద తెలుసు, పాపం. ఇటు ఆదోని దగ్గర సంతేకూడ్లూరులో హోళీ వచ్చిందంటే మగవాళ్లు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని రతీమన్మథులకు పూజ చేస్తారు. మీసాలు మీసాల చోటే ఉంటాయి. ఊళ్లో ఎవరూ నవ్వరు.

నాకు మాత్రం వేషం కట్టడానికి జాతర కూడా అక్కర్లేకపోయింది.

ఆగస్టు నెలాఖరు. మా జిల్లాలో ఏడాది పొడవునా పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ ఏడు అది కూడా దారి మరచిపోయింది. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఊళ్లోని ఒక సాహిత్య సంఘం అధ్యక్షుడట. శనివారం సభ, నేను ముఖ్య అతిథి, 'కథలో నిజాయితీ' అనే విషయం మీద మాట్లాడాలి, పైగా శాలువా. జన్మలో మొదటి పిలుపు. నోటిదాకా వచ్చిన "అలాగేనండీ"ని పళ్ల బిగువున ఆపాను. అడగగానే ఒప్పుకుంటే చులకనైపోతాం కదా!

"నేను బెంగళూరులో ఉన్నానండీ. వచ్చేది శుక్రవారం రాత్రికే. చూసుకుని చెబుతాను" అన్నాను.

అనంతపురంవాళ్లు ఇంట్లో లేమని చెప్పాలనుకుంటే బెంగళూరును మించిన ఊరు లేదు. ధర్మవరం అంటే "సాయంత్రానికి వచ్చేస్తారుగా" అంటారు. హైదరాబాదు అంటే ఏం పని పడిందని ఆరా తీస్తారు. బెంగళూరు 200 కిలోమీటర్ల చిల్లర. కొడుకో కూతురో అక్కడే ఉంటారు కాబట్టి ఎవరూ ఏమీ అడగరు. నేను ఇంత చక్కగా ఏర్పాటు చేసుకుంటే, సరిగ్గా అప్పుడే మా వాకిట్లో తోటకూర బండివాడు గొంతు చించుకున్నాడు.

"బెంగళూరులో తోటకూర కూడా తెలుగులోనే అమ్ముతున్నారే!" అన్నాడు అవతలి పెద్దమనిషి.

"ఎక్కడ చూసినా మనవాళ్లేనండీ" అని పెట్టేశాను.

మరునాడు కొళాయి వచ్చే రోజు. మాది మిట్ట మీది ఇల్లు, నీళ్లు అంతదూరం ఎక్కవు. అందుకని వీధి చివరి కొళాయి దగ్గర పట్టి మోసుకురావాలి. రోజు మార్చి రోజు, ఇరవై ఏళ్లుగా ఆ పని నాది. వరుసలో మూడో స్థానం నాదే, ఎవరూ కాదనరు. ఆ ఉదయం నా అవతారం చెబుతాను. చిల్లుల బనియను, మోకాళ్ల పైకి ఎగగట్టిన గళ్ల లుంగీ, తలకు ఎర్ర తువ్వాలు, రెండు చేతులా రెండు ప్లాస్టిక్ బిందెలు. వాకిట్లోకి వచ్చేసరికి ఒక మోటారు సైకిలు ఆగింది. అరవై దాటిన మనిషి, తెల్లటి జుట్టు, నిగనిగలాడే నల్లటి మీసం. చంకలో సంచి, సంచిలో ఆహ్వాన పత్రాలు, ఒక రసీదు పుస్తకం.

"ఏమయ్యా, కథలు రాసే సార్ ఇల్లు ఇదేనా?"

"ఇదేనండీ."

"ఉన్నారా?"

"బెంగళూరు వెళ్లారండీ." గొంతు నాకు తెలియకుండానే మారిపోయింది.

"నువ్వెవరు?"

కాపలావాణ్ణి అందామంటే మా ఇంటికి గేటే సరిగ్గా లేదు. "తమ్ముణ్ణండీ" అన్నాను.

"పేరు?"

"కుళ్లాయప్ప."

ఎందుకన్నానో తెలియదు. గూగూడు ఊళ్లో పీరుగా కొలిచే కుళ్లాయస్వామి పేరు మా వైపు కులమతాలు లేకుండా పెట్టుకుంటారు. సంతలో నిలబడి ఆ పేరు పిలిస్తే ఇద్దరు ముగ్గురైనా తిరిగి చూస్తారు. తెలిసినవాడు మొహర్రంకు ఫకీరు వేషం మొక్కుకుంటాడు. నేను మొక్కు లేకుండానే కట్టేశాను.

"మీరెవరండీ?" అని అడిగాను.

ఆయన కాస్త తడబడ్డాడు. "నేనా? సంఘం అధ్యక్షులవారి బావమరిదిని. ఆయన హైదరాబాదులో ఉన్నారు. ఉన్నా ఇట్లాంటి తిరుగుడు పనులు ఆయన పెట్టుకోరులే."

ఇంతలో మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ..." అని మొదలుపెట్టేసరికి నేను కళ్లతో సైగ చేశాను. 32 ఏళ్ల కాపురం. అర క్షణంలో గ్రహించి, అదే 'ఏమండీ'ని వచ్చినాయన వైపు తిప్పింది. "ఏమండీ, ఎవరు కావాలి?"

"మీ మరిది కుళ్లాయప్ప చెప్పాడమ్మా, సార్ ఊళ్లో లేరని."

"అవునండీ, మా మరిది బంగారం. పల్లె నుంచి వచ్చి నీళ్లు పట్టి పెడతాడు. వాళ్ల అన్న ఉన్నారే, ఇన్నేళ్లలో ఒక్క బిందె ముట్టుకున్న పాపాన పోలేదు" అంది.

ఇరవై ఏళ్లుగా నేను మోసిన నీళ్లన్నీ ఒక్క మాటతో కుళ్లాయప్ప ఖాతాలోకి పోయాయి. మారునాటి లెక్కలో తిట్లు ఒక్కటే ఖాతా మారతాయని రాశాను, మంచి పనులు కూడా మారతాయని తట్టలేదు.

వచ్చినాయనకు కుర్చీ వేసింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆయనకు కాఫీ వచ్చింది. "మరి తమ్ముడికి?" అని ఆయన అడిగాడు. "అతను కాఫీ తాగడండీ, మజ్జిగే" అంది. ఆరు నెలలుగా నా చేత కాఫీ మాన్పించాలని చూస్తోంది. అన్నతో కానిది తమ్ముడితో సాధించింది.

"ఎంత సేద్యం?" అని మొదలుపెట్టాడు ఆయన.

"ఎనిమిది ఎకరాలండీ. వేరుశనగ."

"పంట చేలో పెట్టుకుని ఇక్కడ నీళ్లు మోస్తున్నావా?"

"అక్కడ మోయడానికి నీళ్లు లేవండీ."

ఈ జవాబు ఆయనకు నచ్చింది. నాకూ నచ్చింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"కదిరి ఆరా?"

"ఆరు కాదండీ, కదిరిలో ఒక్కతే. మా అక్క."

ఆయన కాఫీ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వేరుశనగ రకానికి కదిరి-6 అని పేరు. మా జిల్లాలో చేను మొగం చూడనివాడికి తప్ప అందరికీ తెలిసిన రకం. పద్దులు రాసే గుమాస్తాగా బతికినవాణ్ణి, నేను ఆ మొగం చూసింది ఎప్పుడు?

"ఎకరాకు విత్తనం ఎంత వేశావు?"

తక్కువ చెబితే పొదుపరి అనుకుంటాడని "ఐదు కిలోలు" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. చాలాసేపు నన్నే చూశాడు. ఆ చూపులో కోపం కన్నా జాలి ఎక్కువ. "సరే, తిక్క ఎట్లా ఉంది ఈసారి?"

ఎవరి సంగతి అడుగుతున్నాడో అర్థం కాక, "అది వదినకు తెలియాలండీ" అన్నాను.

"ఏటా ఉండేదేనండీ. ఈసారి కొంచెం ముదిరింది" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

తిక్క అంటే వేరుశనగకు వచ్చే ఆకుమచ్చ తెగులని ఆ రాత్రి కదిరికి ఫోను చేస్తే మా అక్క చెప్పింది. చెప్పి, "ఎందుకురా?" అని అడిగింది. ఫోను పెట్టేశాను.

ఆయన ఇక సేద్యం వదిలేసి సాహిత్యంలోకి దిగాడు. "మీ అన్న కథలు చదివావా?"

"లేదండీ."

"మంచి పని చేశావు. మా బావ ఒకటి చదివాడు, అదీ సగమే. మిగతా సగం మీ అన్న సభలో చెబుతాడులే అంటున్నాడు."

ఏ రచయిత అయినా భగ్గుమనవలసిన చోటు. కుళ్లాయప్పకు ఆ హక్కు లేదు. అయినా రక్తసంబంధం ఊరుకోనివ్వలేదు.

"అన్న బాగా రాస్తాడని అంటారండీ."

"ఎవరంటారు?"

"అన్నే."

అప్పుడు ఆయన నెమ్మదిగా రసీదు పుస్తకం తీశాడు. గొంతు తగ్గించాడు. "విషయం ఏమిటంటే కుళ్లాయప్పా, సభకు చందాలు సరిగ్గా రాలేదు. మీ అన్నకు కప్పే శాలువాకు 200 తక్కువ పడుతోంది. ఆయన్ను అడగలేం, అడిగితే మా బావ పరువు పోతుంది. నువ్వంటే మనవాడివి."

అడుగుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, మీసం సవరించుకుంటూ గోడ మీది క్యాలెండరు చూశాడు. లుంగీలో డబ్బులెక్కడివి? మా ఆవిడ "మీ అన్న చొక్కా జేబులో ఉంటాయిలే" అని తెచ్చి ఇచ్చింది. రసీదు కుళ్లాయప్ప పేరు మీద రాశాడు. (ఆ జేబులో ఉన్నది 500 నోటు. మిగతా 300 గురించి నేను ఇంతవరకూ అడగలేదు. కుళ్లాయప్పకు అడిగే చనువు లేదు, నేను ఆ రోజు ఊళ్లో లేను.)

శనివారం ఇస్త్రీ మడతలు నలగకుండా ఆటోలో వెళ్లి సభలో దిగాను. వేదిక మీద అధ్యక్షుడి కుర్చీలో ఉన్నాయన లేచి ఎదురొచ్చాడు. అదే మీసం. ఆ రోజు జుట్టు కూడా నల్లబడింది. ఇద్దరం ఒక్క క్షణం నిలబడిపోయాం. నోరు తెరిచి "మీరు..." అన్నవాడిదే పరువు పోయేది. నా దేశపు చట్టం నాకు కంఠతా వచ్చు. ఆయనకు ఎవరు చెప్పారో!

"బెంగళూరు ప్రయాణం సుఖంగా జరిగిందా?" అన్నాడు ఆయన.

"జరిగింది. హైదరాబాదులో వానలా?"

"కుండపోత. మా బావమరిది మీ ఇంటికి వచ్చాడట. మీ తమ్ముడు చాలా మంచివాడని చెప్పాడు."

"మా తమ్ముడూ చెప్పాడు, మీ బావమరిది మర్యాదస్థుడని."

"సేద్యమే కొంచెం..."

"చిన్నప్పటి నుంచీ అంతేనండీ, చెబితే వినడు" అని కుళ్లాయప్పను అక్కడే వదిలేశాను.

పరిచయం చేసినాయన, అధ్యక్షులవారు వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారని చెప్పాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు. కథలో నిజాయితీ మీద ముప్పావు గంట మాట్లాడాను. ఎక్కడా తడబడలేదు, రెండు చోట్ల చప్పట్లు కూడా పడ్డాయి. తరువాత శాలువా. కప్పుతూ కప్పుతూ ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎకరాకు 60 కిలోలకు తగ్గకూడదని తమ్ముడికి చెప్పండి."

"తప్పకుండా చెబుతాను" అన్నాను. 200 రూపాయల శాలువా బాగా గుచ్చుకుంటుంది.

మళ్లీ కొళాయి రోజు వచ్చింది. తువ్వాలు చుట్టుకుని వెళ్లి, అలవాటు ప్రకారం మూడో స్థానంలో బిందెలు పెట్టాను. ఎదురింటి పెద్దావిడ వాటిని కాలితో వెనక్కి జరిపింది.

"ఏమయ్యా కుళ్లాయప్పా, మీ అన్నకు సన్మానం బ్రహ్మాండంగా జరిగిందట కదా!"

నేను నలువైపులా చూశాను. వరుసలో ఉన్న ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. సంతేకూడ్లూరులో హోళీ నాడు కూడా ఇంత నిగ్రహం ఉంటుందో ఉండదో!

"జరిగిందటమ్మా. నేను పోలేదు" అన్నాను.

"పోనీలే. ఆ మూడో చోటు మీ అన్నది. నువ్వు వెనక్కి పో నాయనా, పల్లె నుంచి వచ్చినవాడివి, నీకేం తొందర."

బిందెలు తీసుకుని చివరికి వెళ్లాను. నా వంతు వచ్చేసరికి కొళాయి సన్నగిల్లి దారంలా కారుతోంది. ఒకటిన్నర బిందెతో ఇల్లు చేరేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"కుళ్లాయప్పా, నీళ్లు పోశాక ఆ తువ్వాలు ఉతికి ఆరేయి."