మూరెడైనా లేని ఫైఫు గారికి

మహారాజశ్రీ ఫైఫు గారి సముఖమునకు,

అమెరికాలోని కనెక్టికట్ నుంచి మీ శిష్యుడు రాసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా చెవులు, మా ఆవిడ ఓర్పు, పక్కింటి వాళ్ల కుక్క, ఏదీ బాగాలేదు.

చూడ్డానికి మీరెంత అమాయకులు! మూరెడు కూడా లేని కర్ర గొట్టం, వేళ్లకు ఆరు బెజ్జాలు, ఊదడానికి ఇంకొకటి. కృష్ణుడి పిల్లనగ్రోవికి తమ్ముడేమో అనుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి వారం ఎంత ఊదినా గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లు తిరిగి సోఫాలో కూలబడ్డాను. రెండో వారం పలికారు. ఆ మొదటి వారమే నయమని ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు.

మిమ్మల్ని అనీ లాభం లేదు. మీరు పుట్టింది పాటకు కాదు, పటాలానికి. సైనికులను నిద్ర లేపడం, నడిపించడం, మళ్లీ పడుకోమనడం, అంతా మీరూ డ్రమ్మూ కలిసే చేసేవారు. గొంతు తగ్గించి మాట్లాడటం మీ వంశంలోనే లేదు. 1814లో మసాచుసెట్స్‌లోని సిచుయేట్ రేవు దగ్గర బేట్స్ అక్కాచెల్లెళ్లు ఒకరు ఫైఫు, ఒకరు డ్రమ్ము వాయిస్తే, సైన్యమే దిగిందనుకుని బ్రిటిష్ వాళ్లు పడవలు వెనక్కి తిప్పారని చెబుతారు. ఉత్త కట్టుకథ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు మిమ్మల్ని రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లో విని ఉండరు.

అసలు గొడవ గురువారాలది. ఆ రోజు రాత్రి ఓ ఐరిష్ మిత్రుడి వంటింట్లో నలుగురం చేరతాం. ఒక ఫిడేలు, ఒక టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి, మేకతోలు బిగించిన బౌరాన్ అనే ఐరిష్ డప్పు, నేను. వాళ్ల నాట్యపు వరసల్లో జిగ్ అంటే తకిట తకిట, రీల్ అంటే తకధిమి. అంతవరకు నాకు తేలికే. ఒకసారి ఫిడేలాయన 'రేక్స్ ఆఫ్ మాలో' అనే ఐరిష్ పాట ఎత్తుకోగానే గతుక్కుమన్నాను. అది చిన్నప్పుడు వయొలిన్ మాస్టారు నేర్పిన 'వందే మీనాక్షి' నొట్టుస్వరం! మద్రాసులో కంపెనీ వాళ్ల బ్యాండు విని ముత్తుస్వామి దీక్షితులు ఆ వరసలకు సంస్కృతం తొడిగారు. ఐర్లండ్‌లో కార్క్ జిల్లా మాలో ఊరి పాట నాకు శంకరాభరణంగా వచ్చు. ఇంక ఆగుతానా? మిమ్మల్ని బయటికి తీశాను.

అక్కడ ముంచారు నన్ను. ఆరు బెజ్జాలూ మూసి నేను 'డి' స్వరం అనుకుంటే మీరు పలికేది బి ఫ్లాట్. వాళ్లంతా ఒక శ్రుతిలో, నేను ఇంకో ఊళ్లో. బౌరాన్ వాయించే ఆవిడ చేతిలోని పుల్లను కొత్తగా కొన్నదానిలా తిప్పి తిప్పి చూసుకుంది. ఫిడేలాయన ఫిడేలు ఒళ్లో పెట్టుకుని, "ఇంకో కప్పు టీ తాగుతావా?" అన్నాడు. నా కప్పు నిండుగానే ఉంది. మర్యాదస్తుల ఇంట్లో 'దాన్ని పెట్టెలో పెట్టు' అనే మాటను ఇలాగే అంటారు.

మరి జులై మూడో శనివారం మా కనెక్టికట్‌లోనే డీప్ రివర్ ఊళ్లో చూడాలి మీ వైభోగం! ఏన్షెంట్ మస్టర్ అనే ఫైఫు-డ్రమ్ము బృందాల జాతర ఊరేగింపులో మీ వాళ్లు దండులు దండులుగా దిగుతారు. ఉక్కకు డ్రమ్ముల తోలు వదులైతే, తాళ్ల మీది తోలు ముక్కలను కిందికి లాగి బిగిస్తారు. మన డప్పుకు మంట కాచినట్టే అది వాళ్ల తంటా. ఊరేగింపు అయ్యాక అందరూ ఒక్కచోట చేరి వాయిస్తారు. అంతమంది మధ్య నేను ఒక చరణం మొత్తం తప్పు వాయించాను. ఒక్కరూ తిరిగి చూడలేదు. పక్కనున్న ముసలాయన భుజం తట్టి, "బాగా గట్టిగా వస్తోంది" అన్నాడు. మెచ్చుకోలే అది. మీ లోకంలో అంతకన్నా పెద్ద బిరుదు లేదట.

అందుకని ఒక ఏర్పాటు చేశాను, అలగకండి. గురువారాలకు 'డి'లో పలికే టిన్ విజిల్ ఒకటి కొన్నాను. మీరు పెట్టెలో విశ్రాంతి తీసుకోండి. జులైలో మళ్లీ మీదే రాజ్యం.

ఇట్లు,
శ్రుతి తప్పిన మీ శిష్యుడు

తా.క.: విజిల్ సాధన మొదలుపెట్టి నాలుగు రోజులైంది. మా ఆవిడ నిన్న మొదటిసారి మీ క్షేమం అడిగింది.