గడువు సరే, ప్లగ్గు ఏదీ?

తెలంగాణలో విద్యుత్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకే. ఆ తేదీ చూసి తొందరపడొద్దు. కొనాలా, ఆగాలా అన్నది తేల్చేది మీ పార్కింగ్‌లోని ప్లగ్గు.

ద్రవానికి బదులు ఘన పదార్థం వాడే కొత్తతరం ‘సాలిడ్ స్టేట్’ బ్యాటరీలు వచ్చేదాకా ఆగుదామనే వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ అవి ‘రెండు మూడేళ్లలో వచ్చేస్తాయి’ అన్నది ఎన్నో ఏళ్లుగా వింటున్న మాటే. ఇప్పుడున్న బ్యాటరీలకే 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ మామూలైపోయింది. సొంత ప్లగ్గు ఉంటే కొనేయండి. ప్రకటనలో 450 కిలోమీటర్లంటే ఏసీ వేసుకుని హైవే మీద 300 అనే లెక్కేసుకోండి.

ప్లగ్గు లేకపోతే? 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి 15 ఆంపియర్ల సాకెట్‌పై దాదాపు 15 గంటలు పడుతుంది. 7.2 కిలోవాట్ల చార్జరైతే ఏడు గంటల్లోపే. దానికి మీటరు నుంచి కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ విడిగా, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర లోడు పెంచుకోవాలి. పై అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీస్తే, గంటల తరబడి 3 కిలోవాట్లు లాగి, పిన్ను వదులైన చోట వేడెక్కి సాకెట్ కరిగిపోతుంది. ఆ పని ఎవరూ చేయొద్దు.

పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ వసతి ఉండాలని కేంద్ర నమూనా భవన నిబంధనలు 2019లోనే చెప్పాయి. ఉన్న కనెక్షన్‌తోనే సొంత కారు చార్జ్ చేసుకోవచ్చని 2024 మార్గదర్శకాలూ చెప్పాయి. అయినా అపార్ట్‌మెంట్ కమిటీలు తీగ లాగనివ్వవు. వసతి ఉందా అని మునిసిపాలిటీలు అడగవు. ‘కొనండి’ అనే ప్రభుత్వమే కారుపై 5 శాతం జీఎస్టీ వేసి, బయట చార్జ్ చేసుకుంటే 18 శాతం గుంజుతోంది! ఇంట్లో ప్లగ్గు పెట్టుకోలేనివాడికే ఈ జరిమానా. కొనమనేదీ వాళ్లే, కొన్నవాణ్ని బాదేదీ వాళ్లే.

అందుకే, ప్లగ్గు లేనివారు పన్ను మినహాయింపు పోయినా సరే ఆగాలన్నదే మా మాట. వాళ్లను ఆపుతున్నది బ్యాటరీ కాదు. లిఫ్టుకూ బోరు మోటారుకూ లైను వేయించుకున్న కమిటీలు, కారు దగ్గరికొచ్చేసరికి అగ్నిప్రమాదం పేరు చెబుతాయా? ప్రమాదమంతా దొంగచాటు ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో ఉంది. వాటిని తెచ్చిపెడుతున్నది ఆ కమిటీల నిరాకరణే.